కాటా ఆగింది బాషా భాయ్ వల్ల కాదు

మొన్న నరసరావుపేటలో ఒక మిర్చి వ్యాపారి ఆఫీసుకు పనిమీద వెళ్ళి, గోడకున్న నెట్‌వర్క్ పెట్టె మూత తీశాను. లోపలి ఫ్యాను రెక్కలకు పట్టిన ఎర్రటి ధూళి గుప్పుమని ముక్కుకు తగిలింది. మిరపకాయల ఘాటు. తుమ్ములు ఆగక బయటికి వచ్చి కూర్చున్నాను. అక్కడి గుమాస్తా మంచినీళ్ళు ఇచ్చాడు. నేను ఒకప్పుడు ఊరి బయటి మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేశానని మాటల్లో తెలిసి, "రైతులకి వైఫై ఇచ్చి కాటా ఆపేసినాయన ఉండేవాడంట గదా, అక్కడేనా?" అని నవ్వాడు. అలవాటుగా నేనూ నవ్వబోయాను. నవ్వు రాలేదు. కాదని చెప్పకుండానే గ్లాసు తిరిగిచ్చి లోపలికి వెళ్ళాను. ఆయన పేరు బాషా. నాకు పని నేర్పిన మనిషి. ఆ మాట అబద్ధమని కళ్ళారా చూసినవాణ్ణి నేను.

ఆయన కింద చేరిన మొదటిరోజు, కాటా గదిలో బరువులు ఎక్కించే ట్యాబ్‌కు నెట్ అందలేదు. నేను వెంటనే దాన్ని ఆపి మళ్ళీ వేయబోతే చెయ్యి పట్టుకున్నారు. "ఆగరా. ముందు దానికి ఏ అడ్రసు వచ్చిందో చూడు. గేటు దగ్గర లారీకి చీటీ ఇస్తారు గదా, ఫోనుకైనా ట్యాబ్‌కైనా అంతే, ఒక నెంబరు ఇస్తారు, అదే అడ్రసు. కాటాకొక వరస నెంబర్లు, ఆఫీసుకొక వరస, రైతులకొక వరస. తీగ ఒకటే, వరసలు వేరు. దాన్నే వీలాన్ అంటారు. ఒకరి వరసలోకి ఇంకొకరు రాకూడదు." నేను "సరే సార్" అన్నాను. "సార్ ఏందిరా, భాయ్ అను. సార్ అంటే మా లెక్కల మాస్టారు గుర్తొచ్చి ఒళ్ళు మండుద్ది" అన్నారు.

రైతుల వరస, అంటే వాళ్ళ వైఫై, ఆయన పట్టుబట్టి పెట్టించింది. ఈపూరు నుంచీ దుర్గి నుంచీ బస్తాలు తెచ్చినవాళ్ళు రోజంతా రేకుల షెడ్డు కింద కూర్చునేవారు. ఆ మందపాటి గోడల మధ్య ఫోన్లకు సిగ్నల్ అందేది కాదు. గుంటూరు యార్డులో రేటు ఎంతో తెలియక, గేటు దగ్గర బేరగాళ్ళు చెప్పిందానికే కొందరు అమ్ముకుని పోయేవారు. వైఫై వచ్చాక అది తగ్గింది. ఆ బేరగాళ్ళలో యజమాని బావమరిది ఒకడు. "నీ వైఫై పుణ్యాన రైతుకి నోరు లేస్తంది బాషా" అనేవాడు. "నోరు ముందు నుంచీ ఉంది బాబుగారూ, ఇప్పుడు రేటు తెలిసింది" అనేవారు భాయ్, చేతిలో పని ఆపకుండా.

మంచి సీజన్లో ఒకరోజు కాటా ట్యాబులు మొరాయించాయి. లారీలు రోడ్డు దాకా నిలబడ్డాయి. "రైతుల లైను పీకెయ్, అంతా దానివల్లే" అని యజమాని కేకలేశారు. "కారణం తెలవకుండా పీకితే రేపు మళ్ళీ ఆగుద్ది సార్. కాస్త ఓపిక పట్టండి" అన్నారు భాయ్. ట్యాబ్‌లో అడ్రసు చూసి నాకు చూపించారు. అది మా వరసల్లో దేనికీ చెందిన నెంబరు కాదు. "మన గేటు దగ్గర ఇంకెవడో కూచ్చోని చీటీలు రాస్తన్నాడురా" అన్నారు.

తీగలు ఒక్కొక్కటే పీకి చూశాం. ఒక తీగ పీకగానే ట్యాబులకు సరైన అడ్రసులు రావడం మొదలైంది. ఆ తీగ వెంట పోతే బావమరిది గదికి చేరింది. బీరువా వెనక, ఇంటినుంచి తెచ్చుకున్న చిన్న వైఫై డబ్బా. గదిలో సిగ్నల్ సరిగా లేదని తనే తగిలించుకున్నాడు. తీగ గుచ్చాల్సిన చోట గుచ్చకపోవడంతో, అది కాటా వరస మొత్తానికీ తన నెంబర్లు పంచుతోంది. ఆ డబ్బాను నా చేతులతోనే ఊడదీశాను.

మేము కాటా దగ్గరికి వచ్చేసరికి, యజమాని విసిగిపోయి ఆఫీసులో రైతుల వైఫై ఆపించేశారు. కాటా మాత్రం మేము ఆ తీగ పీకినప్పటి నుంచే నడుస్తోంది. "చూశావా బావా, రైతుల లైను ఆపంగానే నడిచింది" అంటున్నాడు బావమరిది. ఎవరి పొరపాటైనా నలుగురిలో చెప్పడం భాయ్ పద్ధతి కాదు. డబ్బాను బావమరిది బల్లమీద పెట్టించి, మర్నాడు యజమానికి విడిగా చెప్పారు.

యజమాని నన్ను బావమరిది గదికి పిలిపించారు. బావమరిది పక్కనే కూర్చున్నాడు, భాయ్ నిలబడి ఉన్నారు. బల్లమీద డబ్బా లేదు. "బాషా ఏందో డబ్బా అంటన్నాడు. నువ్వు చూశావంట?"

భాయ్ నావైపు చూడలేదు, కిటికీ వైపు చూస్తున్నారు. నేను చెబుతానని ఆయనకు అంత నమ్మకం.

"నేను కాటా గదిలో ఉన్నాను సార్. చూళ్ళేదు" అన్నాను.

తప్పు కప్పిపుచ్చుకోవడానికి యజమాని ఇంటివాళ్ళ మీద నింద వేశాడని భాయ్‌ని పనిలోంచి పంపించేశారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. రైతుల వైఫై మళ్ళీ పెట్టలేదు. రైతుల వైఫై వల్లే కాటా ఆగిందన్న కథ ఊళ్ళో అలాగే స్థిరపడింది.

కొన్నేళ్ళకు గురజాలలో ఆయన పెట్టుకున్న ఫోన్ల రిపేరు కొట్టుకు ఒకసారి వెళ్ళాను. టీ తెప్పించారు, పిల్లల గురించి అడిగారు. తన సంగతి ఎత్తలేదు. చివర్లో, "షెడ్డులో రైతులకి నెట్టు మళ్ళీ ఇచ్చారా?" అన్నారు. లేదన్నాను. "నీ చేతిలో పనే గదరా అది" అని, ఇంకొకరి ఫోను విప్పుతూ తల వంచుకున్నారు. ఆ తర్వాత నేను వెళ్ళలేదు. ఆయన పోయారని తెలిసినప్పుడు కూడా వెళ్ళలేదు.

గుమాస్తా నవ్విన మర్నాడు గురజాల బస్సెక్కాను. భాయ్ భార్య గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది. నిలబడే మొత్తం చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టలేదు.

"మాకెందుకు చెప్తావు బాబూ, మాకు తెలవదా ఏంది? ఆ ఊళ్ళో చెప్పు" అంది.

అందుకే రాస్తున్నాను. ఈ వయసులో నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పనిది. చూళ్ళేదు అన్న మాట మాత్రం ఆయన నేర్పలేదు.