ఎనిమిది వచ్చిన ప్లేటు

కివీల దేశంలోని హెండర్సన్‌లో ఉదయభాస్కర్ ఎవరంటే సగంమంది తెలుగువాళ్ళు తెల్లమొహం వేస్తారు. ప్లేట్ల భాస్కర్ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. కార్లు రోడ్డుకి పనికొస్తాయో లేదో చూసి వారెంట్ అనే చీటీ ఇచ్చే ఓ చిన్న స్టేషన్లో ముందు గది కౌంటరు అతనిది. కొత్తగా రోడ్డెక్కే కారుకి నంబరు ప్లేటు తీసి, కంప్యూటర్లో ఎక్కించి, చేతికివ్వడం పని. చెప్పుకుంటే ఇంతే. ఈ ఇంత పనికే పద్నాలుగేళ్ళు నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి.

మోకాళ్ళ కంటే ముందు చెవులు అరిగాయి. నంబరు ప్లేటు మీద అభిప్రాయం లేని మనిషి ఇన్నేళ్ళలో అతనికి తగల్లేదు. ముసలి కివీలు వచ్చి, నల్ల రేకు మీద వెండి అక్షరాలుండే రోజుల్లో ప్లేటంటే ప్లేటులా ఉండేదనీ, ఈ తెల్లవి ఆసుపత్రి మంచానికి తగిలించిన చీటీల్లా ఉన్నాయనీ నిట్టూరుస్తారు. కుర్రాళ్ళకు రంగులు కావాలి, బొమ్మలు కావాలి, సొంత పేరు కావాలి. ఇక మనవాళ్ళు! ఏపీ పోయి టీఎస్ ఎందుకొచ్చింది, టీఎస్ పోయి టీజీ ఎందుకొచ్చింది అన్న తగువును విమానమెక్కించి తెచ్చి ఈ కౌంటరు మీద పెడతారు. వెనక షెడ్డులో పనిచేసే మెకానిక్కేమో, ఇంకో పదేళ్ళకి రేకులే ఉండవు, ఫోను తెరలాంటిది బిగిస్తారు, చూస్తూ ఉండు అంటాడు. తెర వచ్చినా మావాళ్ళు దాన్ని కూడకుండా వదలరులే అనుకుంటాడు భాస్కర్.

కూడటం మనవాళ్ళ జబ్బు. ఇక్కడి ప్లేటు మీద మూడు అక్షరాలు, మూడు అంకెలు. అక్షరాలనొదిలేసి అంకెలు మూడూ కూడతారు, ఒక్క అంకె మిగిలేదాకా కూడతారు. తొమ్మిది మిగిలితే ఇంక ఆ కారుకి తిరుగులేదు. ఎనిమిది మిగిలితే శని డిక్కీలో కూర్చున్నట్టే. ఐటీలో పెద్ద పెద్ద లెక్కలు చేసేవాళ్ళు కూడా కౌంటరు ముందుకొచ్చేసరికి వేళ్ళు లెక్కపెడతారు. పుర్రెకో బుద్ధి అని ఊరికే అన్నారా!

ప్లేట్లు పెట్టెలో వరసగా వస్తాయి. వచ్చినవాళ్ళకి వచ్చిన వరసలో పైనున్నది తీసివ్వాలి, స్టేషన్ వాళ్ళ నియమం అది. కానీ ఎనిమిది తర్వాత వచ్చేది ఎప్పుడూ తొమ్మిదే. పై ప్లేటు ఒక్కటి పక్కకి జరిపితే చాలు, శని పోయి చక్రవర్తి యోగం పడుతుంది. భాస్కర్‌కి వీటి మీద నమ్మకం లేదు. ఉన్నదల్లా మొహమాటం. రేపల్లె నుంచి చదువుకోసం వచ్చి, కివీపళ్ళ తోటల్లో కోతలు కోసి, పెట్రోలు బంకులో రాత్రులు గడిపి, సెటిల్ అయ్యేదాకా ఎవరో ఒకరి సాయం మీద బతికిన మనిషి. కాదు అనే మాట అతని నోట్లో పుట్టలేదు. ఏడాదికి అయిదారుసార్లు పై ప్లేటు జరుపుతాడు. జరిపిన ఎనిమిది ఆ తర్వాత వచ్చినవాళ్ళకి పోతుంది, వాళ్ళు ఎవరో ఏమిటో అతను పట్టించుకోడు.

నిన్న సాయంత్రం పట్టాభిరామయ్య ఫోను చేశాడు. ఊరికి అవతలి పేట ఫ్లాట్ బుష్‌లో పెద్ద ఇల్లు, డెబ్భై దాటిన మనిషి, ఏ పూజకైనా ముందు వరసలో ఉంటాడు. జపాన్ నుంచి దిగిన కారు కొన్నాడు కొడుకు రవికిరణ్. "ఏవయ్యా భాస్కరం, రేపు పైన ఏముంది?" అని అడిగాడు. భాస్కర్ పెట్టె మూత తీసి చూసి చెప్పాడు. 746. పదిహేడు, అంటే ఎనిమిది. దాని కింద 747.

"ఎవరో ఒకరు వచ్చి అది పట్టుకుపోనీ. తర్వాత నేను తీసుకుంటా. నువ్వేమీ జరపక్కర్లేదు, నీకు మాట రాదు" అన్నాడు పెద్దాయన. ఎంత దయ!

అన్నట్టే పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా వచ్చి, కౌంటరు ఎదుటి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఫ్లాస్కులో టీ తెచ్చుకున్నాడు. ఎవరో ఒకరు వచ్చి శనిని మోసుకెళ్ళాలి కదా, అందాకా కాపలా. పది దాటింది. వచ్చినవాళ్ళంతా వారెంట్లకి వచ్చారు, ప్లేటు అడిగినవాడు ఒక్కడు లేడు. భాస్కర్ మోకాళ్ళు లాగుతున్నాయి. ఎవరూ రాకపోతే బాగుండు, ఈయన విసిగి వెళ్ళిపోతే బాగుండు అని దేవుణ్ణి కోరుకున్నాడు.

పదకొండింటికి ఒక అమ్మాయి వచ్చింది. కుడి మణికట్టుకి పట్టీ, కళ్ళ కింద నలుపు, ముసలివాళ్ళని చూసుకునే రెస్ట్ హోం యూనిఫాం. ఎడంచేత్తో ఓ వంకరపోయిన ప్లేటు కౌంటరు మీద పెట్టింది.

"అంకుల్, బండి రిపేరయ్యింది గని ప్లేటు గిట్లయ్యింది. కొత్త నంబర్ ఇస్తరన్నరు. జర జల్ది ఇయ్యుండ్రి, మూడింటికి డ్యూటీ ఉంది."

భాస్కర్ ప్లేటు తిప్పి నంబరు చూశాడు. 458. ఆ నంబరు అతనికి గుర్తుంది, ఆ అమ్మాయి పేరూ గుర్తుంది. శరణ్య. రెండేళ్ళ కిందట, కొన్న మొదటి కారుకి ప్లేటు తీసుకుని, కౌంటరు ముందే వరంగల్‌లో ఉన్న అమ్మకి వీడియో కాల్ చేసి చూపించింది. ఆ పొద్దున్నే ఇదే పట్టాభిరామయ్య తన కారుకి 458 వద్దని 459 పట్టుకెళ్ళాడు. పక్కకి జరిపిన రేకును, ఏమీ ఎరగనట్టు, నవ్వుతూ ఈ పిల్ల చేతిలో పెట్టాడు భాస్కర్.

కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టు పెద్దాయన మొహం వెలిగింది. కళ్ళతోనే కానివ్వమన్నాడు.

భాస్కర్‌కి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో మండాల్సినన్నిసార్లు మండని ఒళ్ళు.

"అంకుల్, మీరే ముందొచ్చారు. వరస మీదే. రండి" అన్నాడు.

పట్టాభిరామయ్య తడుముకోలేదు. "నాకేం తొందరయ్యా? పాపం, అమ్మాయి డ్యూటీకి వెళ్ళాలంటోంది. ముందు తనకి చూడు. ఆడపిల్ల" అన్నాడు.

"థాంక్యూ అంకుల్" అంది శరణ్య, మనస్ఫూర్తిగా.

"పర్లేదమ్మా, పర్లేదు" అంటూ ఫోను చెవికి పెట్టుకుని ఆయన బయటికి నడిచాడు.

ఆ థాంక్యూ భాస్కర్‌కి ముల్లులా గుచ్చుకుంది. పెట్టె మూత మీద చెయ్యి పెట్టి, తీయలేక నిలబడ్డాడు. వంకర ప్లేటు వైపు వేలు చూపించాడు.

"ఈ నంబరు నీకు రావలసింది కాదమ్మా. కూడితే ఎనిమిదొస్తుందని ఒకరొద్దంటే, పక్కన పెట్టి నీకిచ్చాను. నీకు చెప్పలేదు. ఇవాళ పైనున్నది కూడా ఎనిమిదే. దాని కిందది తొమ్మిది. అదిస్తాను, తీసుకో."

శరణ్య వంకర ప్లేటు తన వైపు లాక్కుని చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆవులింతైపోయింది.

"నంబర్ ఏం జెయ్యలేదంకుల్. నేన్ నిద్రపోయిన. రాత్రి డ్యూటీ అయినంక, పొద్దుగాల ఇంకో అమ్మాయి రాలేదంటే ఆమెది గూడ జేసిన. మోటర్‌వే ఎక్కంగనే కండ్లు మూతబడ్డయి. పోయి రెయిలింగ్‌కు గుద్దిన." పట్టీ సర్దుకుంది. "మీరు గింతగనం కూడుతరు గదా, నా షిఫ్టులు కూడుండ్రి ఒకసారి. పోయిన వారం ఎన్ని జేసిన్నో నాకే యాదికి లేదు."

భాస్కర్‌కి పెట్రోలు బంకులో నిలబడే నిద్రపోయిన తన రాత్రులు గుర్తొచ్చాయి. అప్పుడు తననీ ఎవరూ అడగలేదు, నిద్రపోయావా అని.

"అయినా తొమ్మిది తీసుకోమ్మా, నా తృప్తి కోసం."

"మల్ల ఆ ఎనిమిది ఎవరికిస్తరు?"

శరణ్య ఎడమ చెయ్యి చాచింది. భాస్కర్ పై ప్లేటు జత తీసి ఇచ్చాడు, 746. కంప్యూటర్లో ఎక్కించాడు. "నీ చేత్తో బిగించలేవు, నేను బిగించి వస్తా, కూర్చో" అని స్క్రూడ్రైవరు పట్టుకుని, ప్లేటు జత తనే తీసుకుని బయటికెళ్ళాడు. మోకాళ్ళ మీద కూలబడి, వెనకున్న పాతది ఊడదీసి, వెనకొకటి, ముందొకటి బిగించాడు. సీట్లో దుప్పటి ఒకటి, మూత తియ్యని అన్నం డబ్బా ఒకటి కనబడ్డాయి.

తిరిగి లోపలికొచ్చేసరికి శరణ్య పెద్దాయన కూర్చున్న కుర్చీలోనే తల వాల్చేసింది. వంకర ప్లేటు ఒళ్ళో ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోతోంది. భాస్కర్ గడియారం చూశాడు. పదకొండూ ఇరవై. మూడింటికి డ్యూటీ అంటే రెండింటికి లేపితే చాలు. తలుపుకి లోపలి గడియ పెట్టి, కాసేపట్లో తిరిగొస్తాం అన్న బోర్డు తిప్పాడు. పద్నాలుగేళ్ళలో ఆ బోర్డు మధ్యాహ్నం లోపల తిప్పడం ఇదే మొదలు. యజమాని ఏమంటే అది పడదాం అనుకున్నాడు.

అద్దం మీద టకటకా చప్పుడైంది. బయట పట్టాభిరామయ్య, మొహంనిండా సంబరం.

"అయిందా? వెళ్ళిందా ఆ ఎనిమిది? ఇంక నాది తియ్యి."

భాస్కర్ తలుపు బెత్తెడు తీసి, నోటి మీద వేలు పెట్టాడు.

"రెండింటికి రండి."

"రెండింటికా? పొద్దుట్నుంచీ కూర్చున్నానయ్యా! లోపలెవరున్నారు?"

"అమ్మాయి పడుకుంది."

"ఎవరో పిల్ల పడుకుంటే నన్ను బయట నిలబెడతావా? నన్ను?"

"మీ తొమ్మిది ఎక్కడికీ పోదు అంకుల్" అన్నాడు భాస్కర్, గొంతు పైకి రాకుండా. "అందాకా ఆ అమ్మాయి షిఫ్టులు కూడుతూ ఉండండి."

తలుపు నెమ్మదిగా మూశాడు. కౌంటరు వెనకున్న స్టూలు లాక్కుని, పొద్దుట్నుంచీ మొదటిసారి, తనూ కూర్చున్నాడు.