యాభై కిలోల కొర్రబియ్యం

మా కోడలికి ఆత్మకూరులో ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో సంతోషం రెండు రోజులే నిలిచింది. మూడో రోజు నా కొడుకు అడ్డం పడినాడు.

"ఉదయగిరిలో ఏడింటి బస్సు ఎక్కితేనే ఆఫీసుకు టైముకు చేరేది. పిల్లలిద్దరికీ టిఫిను, బాక్సులు, నాకు మధ్యాహ్నం తిండి, ఇదంతా ఎవరు చేస్తారు? మూడు నెలలు చూద్దాం. కుదరకపోతే మానేయాల."

పెళ్లయిన పదకొండేళ్లకు కోడలు, పిల్లలు నిద్రపోయినాక పుస్తకాలు ముందేసుకుని కూర్చుని తెచ్చుకున్న ఉద్యోగం అది. నా భార్య పోయినప్పటి నుంచి వంటిల్లు కూడా ఆ పిల్ల మీదే ఉండాది.

"వంట నేను చేస్తాను" అన్నాను.

"నువ్వా నాయనా?" అని నవ్వినాడు కొడుకు.

"నేనేరా. ముప్పై ఏండ్లు లారీ తోలినాను. రోడ్డు పక్కన స్టవ్ ముట్టించి అరగంటలో పప్పన్నం దించేవాణ్ణి. నీ షెడ్డులో బండి బాగుచేసేదానికంటే సులువు."

గొప్పగా చెప్పుకునే మాట కాదు గానీ, లారీ వంట నాకు నేర్పిన సంగతి ఒకటే. సరుకు ముందే సిద్ధంగా ఉంటే పొయ్యి మీద పని తక్కువ. అందుకని వంటింట్లో డబ్బాలన్నీ దించి కడిగి ఎండబెట్టినాను. కందిపప్పు, పెసరపప్పు, ఉలవలు, శనగలు, రాగులు. మునగాకు నీడన ఆరబెట్టి పొడి చేసినాను. వేరుశనక్కాయల పొడి, నువ్వుల పొడి కొట్టినాను. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటినాక. అందుకనేమో, రాసే పని దొరికితే వదలను. డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించినాను.

కొడుక్కి షుగర్ మొదలైంది, బియ్యం తగ్గించమని డాక్టరు చెప్పి ఉండాడు. సరే, కొర్రలు తెద్దామనుకున్నాను. మా అవ్వ కాలంలో ఈ మెట్ట ఊళ్లలో అదే తిండంట. బోర్లు పడి వరి వచ్చినాక అందరూ మరిచిపోయినారు. నేను బుద్ధెరిగినాక తిన్నది బియ్యమే.

కలువాయి దగ్గర ఒక రైతింట్లో రెండు బస్తాల కొర్రలు కొని, ఆత్మకూరు మిల్లులో పొట్టు తీయించినాను. మిల్లాయన "అంతా ఒకేసారా పెద్దాయనా?" అని అడిగినాడు. పని ఒకేసారి అయిపోవాల అన్నాను. బియ్యం పాతబడేకొద్దీ రుచి వస్తుందని, అన్నం ఒదుగుతుందని మా వైపు ఎవర్నడిగినా చెబుతారు. కొర్రబియ్యమూ అంతే అనుకున్నాను. యాభై కిలోలు తేలింది. స్టీలు డ్రమ్ములో పోసి, నడుమ నడుమ వేపాకు వేసి, మూత బిగించినాను. ఏడాదికి బెంగ లేదనుకున్నాను.

మొదటి నెల బ్రహ్మాండంగా జరిగింది. పడుకునే ముందు కొర్రబియ్యం నానబోసేది. పొద్దున పెసరపప్పు, క్యారెట్టు, గుప్పెడు మునగాకు పొడి వేసి కుక్కర్లో పెట్టేది. అది ఉడికేలోపు ఉడకబెట్టిన శనగలకు తిరగమోత. బాక్సులు కట్టేసరికి కోడలు తల దువ్వుకుని, టీ తాగి బస్సుకు బయలుదేరేది.

రెండో నెల ఎండలు ముదిరినాయి. ఒక పొద్దు మనవరాలు గిన్నె పక్కకు నెట్టింది.

"తాతా, చేదుగా ఉండాది."

"మునగాకు అట్లానే ఉంటది. తిను."

మనవడూ అదే మాటన్నాడు. టీవీ చూస్తా తింటే అన్నీ చేదే అని వాడి మీదా కసురుకున్నాను. నాకేమో చేదు తెలియలేదు. పచ్చడి లేకుండా నాకు ముద్ద దిగదు. ఆ కారంలో ఇంకేం తెలుస్తుంది?

కొన్నాళ్లకు ఒక సాయంత్రం బాక్సులు కడుగుతుంటే అడుగున తెల్లటి మెతుకులు అంటుకుని ఉండాయి. నేను కట్టింది కొర్రన్నం. కోడలు బస్సు దిగి వచ్చి, భుజాన బ్యాగు తీయకుండానే మెట్టు మీద కూర్చుంది. బాక్సు తెచ్చి ముందు పెట్టినాను.

"ఏందమ్మా ఇది?"

"మీరు లేవకముందే నాలుగింటికి లేచి నేను వండి దాచి, మీరు కట్టినాక బాక్సుల్లో మార్చి పెడతా ఉండాను మామా. పిల్లలు తినకుండా వెనక్కి తెస్తా ఉండారు. మీతో అంటే బాధపడతారని."

"బాధపడితే చస్తానా? ఎన్నాళ్ల నుంచి?"

"పది రోజులు." గొంతు తగ్గించింది. "నా వల్ల కాదు మామా. బస్సులో కూర్చుంటే చాలు నిద్ర పడతాది. మొన్న ఆత్మకూరు దాటిపోయి సంగంలో లేచినాను. ఆఫీసులో అందరూ నవ్వినారు. ఈ నెలతో మానేస్తానని మీ అబ్బాయికి చెప్పేసినాను."

నేను లోపలికి పోయి డ్రమ్ము మూత తీసినాను. పాత నూనె వాసన గుప్పుమనింది. నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలినాను. పిల్లలు చెప్పింది నిజం.

మరుసటి రోజు ఆ బియ్యం ఒక సంచిలో పోసుకుని కలువాయి పోయినాను, పోట్లాడేదానికే. రైతు ఇంట్లో లేడు. ఆయన భార్య, నా ఈడు మనిషి, గుప్పెడు తీసి వాసన చూసింది.

"పొట్టు తీసి ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు."

"రెండు బస్తాలూ ఒకేసారి ఆడించినావా? మీసాలు తెల్లబడినాయి గానీ ఇది తెలియలేదే నీకు. కొర్రలో నూనె ఉంటదయ్యా. పొట్టుతో ఉంటే ఏండ్లు నిలుస్తాయి. పొట్టు తీసినాక ఎండాకాలం నెల దాటితే ముక్కిపోతాయి."

"లారీ తోలుకునేవాణ్ణి. నాకేం తెలుసు?"

"లారీలో ఏడాదికి సరిపడా డీజిలు ఒకేసారి పోయిస్తావా? దారిలో పోయించుకుంటావు గదా. ఇదీ అంతే."

పోట్లాడేదానికి పోయినవాణ్ణి, ఇంకో అర బస్తా కొర్రలు పొట్టుతోనే కొనుక్కుని బస్సెక్కినాను.

ఆ సాయంత్రం అందరూ ఉన్నప్పుడే చెప్పినాను. "తప్పు నాది. తిండిది కాదు, పిల్లలది కాదు. దీనికోసం ఉద్యోగం మానడమేంది?"

"ముందే అన్నాను గదా కుదరదని" అన్నాడు కొడుకు.

"నువ్వన్న మూడు నెలలు ఇంకా కాలేదు. ఆదివారం ఆత్మకూరు పోయి నెలకు సరిపడా ఐదు కిలోలు పొట్టు తీయించుకుని రా. ప్రతి నెలా అది నీ పని. షుగర్ నీదేగా."

వాడు భార్య వైపు చూసినాడు. ఆమె నా వైపు తిరిగింది.

"ఒక షరతు మామా. వండింది ముందు మీరు తినాల. పచ్చడి లేకుండా."

ఒప్పుకున్నాను. డ్రమ్ములోది పక్కింటి కోళ్లకు పోయింది. అవి కూడా ఎగబడి తినలేదు. అప్పటి నుంచి పొట్టుతో ఉండేవి ఎక్కువ పెట్టుకుంటాను, పొట్టు తీసినవి నెలకే, పొడులు పది రోజులకే. డబ్బా నిండుగా ఉంటే ఇప్పుడు నాకు అనుమానం.

ఆ సోమవారం కొత్తగా ఆడించిన కొర్రలతో వండినాను. పచ్చడి లేకుండా ఒక ముద్ద తిన్నాను. తియ్యగా ఉండాది. టైము ఆరు కావస్తా ఉండాది. కోడలి గది తలుపు ఇంకా తెరుచుకోలేదు. ఇంకో అరగంట నిద్రపోయినా ఏడింటి బస్సు అందుతాది. గరిటె చప్పుడు కాకుండా కింద పెట్టి, బాక్సులు పెరట్లోకి తీసుకుపోయి అక్కడ కట్టినాను.