బోర్లించిన గ్లాసు

ఉదయం అయిదున్నర. ఒహాయో నది మీంచి లేచిన పొగమంచు కాలేజీ గుట్ట దాకా పాకి, వంటశాల వెనక తలుపును కూడా కనపడనివ్వడం లేదు. వేసవే అయినా ఆ వేళకి చొక్కా చెమ్మగిల్లి ఒంటికి అంటుకుంటోంది. లైల్ హోబార్ట్‌కి ఆకలి దంచేస్తోంది. రాత్రి సరిగా తినలేదు. పొద్దున్నే ఇంట్లో తినే అలవాటు లేదు. భోజనాల హాల్లో పిల్లల రద్దీ తగ్గాక పనివాళ్ళంతా వెనక బల్ల దగ్గర నిలబడి తినడం అక్కడి పద్ధతి. అప్పటిదాకా కాఫీయే గతి.

అతని పని అంట్లు తోమే గదిలో. హాల్లో తిన్నవాళ్ళు తమ ట్రేలని కదిలే రబ్బరు పట్టా మీద పెడతారు. ఆ పట్టా గోడలో ఉన్న సందులోంచి లోపలికి వస్తుంది. లోపలున్నవాళ్ళకి హాలు కనపడదు, మనుషులు కనపడరు. ఎంగిలి పళ్ళేలు మాత్రం ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. మిగిలింది దులిపి, పళ్ళేలు మిషన్లోకి తోయాలి. ఇన్నేళ్ళుగా లైల్ ఆ పళ్ళేల వంక చూసింది దులపడానికే. ఈ వారం మాత్రం ప్రతి పళ్ళేన్నీ పరీక్షగా చూస్తున్నాడు.

ఎందుకంటే వాటిలో ఒకటి తన కూతురిది.

ట్వైలా హైస్కూలు పిల్ల. ఇంకా రెండేళ్ళ బడి ఉంది. ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని ఇలాంటి పిల్లల్ని ఏరి, వేసవిలో ఆరు వారాలు ఆ కాలేజీ హాస్టల్లోనే ఉంచి, లెక్కలూ రసాయనశాస్త్రమూ వ్యాసాలు రాయడమూ నేర్పుతారు. చివరిదాకా నిలబడ్డవాళ్ళని వచ్చే వేసవికి మళ్ళీ పిలుస్తారు. మధ్యలో ఇంటికి పోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు, ఇక రానివ్వరు. లైల్ భయమంతా అక్కడే ఉంది. అంతకుముందోసారి చర్చివాళ్ళ శిబిరానికి పంపితే ట్వైలా రెండో రోజే ఫోన్ చేసి ఏడ్చింది. అతను వెళ్ళి తెచ్చేసుకున్నాడు. తల్లి ఇండియానాలో వేరే కాపురం పెట్టుకుని చాలాకాలమైంది. ఇంట్లో ఉన్నది తండ్రీ కూతుళ్ళిద్దరే. చదువు వదిలెయ్యడం ఎంత తేలికో లైల్‌కి తెలుసు. ఒక రోజు వెళ్ళకపోతే చాలు, మర్నాడు వెళ్ళకపోవడం ఇంకా తేలిక. తను అలాగే మానేసి ఇటుకల ఫ్యాక్టరీలో చేరాడు.

ఆదివారం హాస్టల్లో దింపినప్పుడు ఇంటినుంచి తెచ్చిన దుప్పటి అక్కడి పరుపుకి చాల్లేదు. కాలేజీ మంచాలు ఇంటి మంచాలకన్నా పొడుగని ఎవరికి తెలుసు? ఆ వరండాలో సగంమంది తండ్రులు అదే తంటాలు పడుతున్నారు.

“నాన్నా, ఈ మూల లాగితే ఆ మూల లేచిపోతోంది.”

“దాని మీద ఎక్కి కూర్చో. అదే ఉంటుంది.”

“ఆరు వారాలూ కూర్చునే ఉండనా?” అని నవ్వి, గొంతు తగ్గించింది. “విను. హాల్లోకి నువ్వు రావద్దు. చెయ్యి ఊపద్దు. బుజ్జీ అని అస్సలు పిలవద్దు.”

“మరేమనాలి, మేడమ్ అనా?”

“ఏమీ అనద్దు. ఇంకోటి. నేను వచ్చి తీసుకెళ్ళు అంటే వచ్చెయ్యాలి. ఎందుకూ ఏమిటీ అని అడక్కూడదు.”

“సరే, వస్తాలే.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఫోన్లు తీసేసుకుంటారు, మళ్ళీ ఆదివారం సాయంత్రమే ఇస్తారు. కాబట్టి లైల్‌కి కూతురి కబురు తెలిసేది ఎంగిలి పళ్ళెం ద్వారానే. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. వాళ్ళ ఇల్లు నది ఒడ్డున ఉంది. సాయంత్రమైతే చాలు గ్లాసుల్లో పురుగులు పడతాయి. తాగేసిన గ్లాసుని పళ్ళెంలో బోర్లించడం ట్వైలాకి చిన్నప్పటి అలవాటు.

సోమవారం పొద్దున ఊడ్చినట్టున్న పళ్ళెంలో గ్లాసు బోర్లా పడి వచ్చింది. లైల్ ఈల వేశాడు. పక్కన గ్లాసులు ఏరే మార్వా అతని వంక అనుమానంగా చూసింది.

మంగళవారం ఆ గ్లాసు మళ్ళీ వచ్చింది. పళ్ళెంలో గుడ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రొట్టె ఒక్కటే కొరికి ఉంది. మధ్యాహ్నమూ అంతే. బుధవారమూ అంతే.

“ఏంటయ్యా, ఆ పళ్ళేన్ని అలా చూస్తావు? అందులో ఏమన్నా రాసుందా?” అంది మార్వా.

“ట్వైలా తినడం లేదు.”

“నువ్వు వండిన తిండి తిని పెరిగిన పిల్ల. మంచి తిండి చూసి భయపడి ఉంటుంది.”

అతను నవ్వలేదు. మార్వా కూడా ఇక వేళాకోళం చెయ్యలేదు.

“పోనీ ఒకసారి హాల్లోకి వెళ్ళి చూడరాదూ?”

“రావద్దంది.”

“అన్నీ చెప్పినట్టే వింటావేంటి?”

“రావద్దన్నప్పుడు వెళితే, రమ్మన్నప్పుడు వస్తానని ఎలా నమ్ముతుంది?”

గురువారం మధ్యాహ్నం చీజ్ వేసిన మాకరోనీ పెట్టారు. ఇంట్లో అది చేస్తే ట్వైలా గిన్నె అడుగు కూడా గీరి తినేది. బోర్లించిన గ్లాసు పక్కన మాకరోనీ గుట్టలా అలాగే వచ్చింది. చెంచా గుచ్చిన గుర్తు కూడా లేదు. లైల్ ఆ పళ్ళేన్ని దులపకుండా కాసేపు పట్టుకున్నాడు. వెనక ట్రేలు ఒకదాన్నొకటి గుద్దుకుని మోత పెట్టాయి.

“ఇక నావల్ల కాదు,” అన్నాడు.

పని దిగగానే ట్రక్కులో పక్క సీటు మీదున్న పనిముట్ల పెట్టె తీసి వెనక పడేశాడు. ట్వైలా కూర్చోవాలిగా. పిలవకుండానే హాస్టల్ ముందుకి పోయి ఆగాడు. పచ్చికలో పిల్లలు గుంపుగా కూర్చుని ఉన్నారు. అందరి మెడల్లోనూ ఒకే రంగు తాళ్ళు, వాటికి పేరు బిళ్ళలు. ట్వైలా మధ్యలో ఉంది. తండ్రిని చూడగానే లేచి, గబగబా ట్రక్కు దగ్గరికొచ్చింది.

“ఏమైంది? ఎందుకొచ్చావు?”

“ఏం లేదు. ఇటు పని పడింది.”

“హాస్టల్ దగ్గర నీకేం పని? నేను పిలవలేదే.”

“నువ్వు పిలవలేదు. కానీ తినడం లేదు కదా.”

“ఎవరు చెప్పారు?”

“పళ్ళెం.”

ట్వైలాకి మొదట అర్థం కాలేదు. అతను గ్లాసు సంగతి చెప్పాడు. గుడ్ల సంగతీ, మాకరోనీ సంగతీ చెప్పాడు. చెబుతుంటే ఆమె మొహంలో కోపం కాస్తా పోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అది నాది కాదు నాన్నా. నెడ్రాది. నా గదిలో పిల్ల. సోమవారం రాత్రి వచ్చింది. వాళ్ళదీ నది ఒడ్డే, కెంటకీ వైపు. ఆవలి ఒడ్డున కూడా బోర్లిస్తారు మరి.”

“నీ గ్లాసో?”

“ఏమో. ఇక్కడ పురుగుల్లేవు కదా. మర్చిపోయాను.” కడుపు తడుముకుని, “నేను రెండు పళ్ళేలు తింటున్నాను. ఈ మధ్యాహ్నం మాకరోనీ మూడుసార్లు పెట్టించుకున్నాను. అన్నీ నువ్వే తోమి ఉంటావు,” అంది.

లైల్ స్టీరింగ్ మీద తల ఆనించాడు. మూడు రోజులుగా గుండె మీద కూర్చున్న బండ ఎవరో ఎత్తి నదిలో పారేసినట్టయింది. ఇంటి అలవాటు రెండు రోజుల్లోనే మర్చిపోయిందే అని ఎక్కడో చిన్నగా కలుక్కుమంది. దాన్ని పట్టించుకోలేదు.

“ఆ సీటు ఎందుకు ఖాళీ చేశావు?” అంది ట్వైలా కిటికీలోంచి తొంగి చూసి.

“దుమ్ము పట్టిందని.”

“నువ్వు అబద్ధాలాడటం ఎప్పటికీ నేర్చుకోలేవు. నెడ్రా మాత్రం వెళ్ళిపోతానంటోంది. రోజూ దాన్ని బతిమాలి హాల్లోకి లాక్కొస్తున్నాను. ఇక్కడి మొక్కజొన్న రొట్టె కూడా తియ్యగా ఉందట, వాళ్ళింట్లో చక్కెర వెయ్యరట. అది కొరికి ఏడ్చింది, రొట్టె గురించి.”

“దానికెందుకు ఏడుపు?”

“రొట్టె గురించి కాదులే.”

“నీకూ ఏడుపొచ్చిందా?”

“మొదటి రాత్రి వచ్చింది. దాన్ని ఊరుకోబెడుతూ నాది మర్చిపోయాను. ఇక వెళ్ళు, అందరూ చూస్తున్నారు.”

మర్నాడు అతను మార్వాని పట్టుకున్నాడు. ఆమె చెల్లెలు వంటశాలలో రొట్టెలు కాలుస్తుంది.

“ఒక్క పెనం రొట్టె చక్కెర లేకుండా కాల్చమను.”

“చక్కెర లేని రొట్టె ఒహాయోలో ఎవడు తింటాడయ్యా?”

“కెంటకీ పిల్ల.”

“మరి ట్వైలా?”

“అది కాలేజీని తినేస్తోంది. దాని గురించి బెంగ అక్కర్లేదు.”

ఆ మధ్యాహ్నం బోర్లించిన గ్లాసు పక్కన సగం రొట్టె మిగిలింది. సగమే. లైల్‌కి అది చాలనిపించింది. మరో వారానికి ఆ పళ్ళెం మిగతావాటిలో కలిసిపోయింది.

ఆదివారాలు ఫోన్లో ట్వైలా మాటలు రానురాను పొట్టివయ్యాయి. మొదటి వారాల్లో టీచర్లని తిట్టేది. తర్వాత “పరీక్ష ఉంది, పెట్టేస్తున్నా” అనేది. ఫోన్ మోగిన ప్రతిసారీ లైల్ చెయ్యి ట్రక్కు తాళాలవైపు పోయేది. వచ్చి తీసుకెళ్ళు అని ట్వైలా ఒక్కసారీ అనలేదు.

ఆఖరి వారం పిల్లలందరినీ బస్సులో షికాగో తీసుకెళ్ళి పెద్ద కాలేజీలు చూపిస్తారు. బయల్దేరే పొద్దున లైల్ చెత్త సంచులు మోసుకుంటూ వెనక వాకిట్లోకి వచ్చేసరికి బస్సు ఎదురుగా ఉంది, ఇంజను నడుస్తోంది. కిటికీ దగ్గర ట్వైలా ఇటు వీపు పెట్టి కూర్చుంది. చేతులు రెండూ ఊపుతూ ఏదో కథ చెబుతోంది. వెనక సీట్లోంచి నెడ్రా, ఇంకో ఇద్దరూ ముందుకి వంగి వింటూ విరగబడి నవ్వుతున్నారు. పిలిస్తే వినపడేంత దూరమే. అతను పిలవలేదు. సంచులు కింద పెట్టి నిలబడ్డాడు. బస్సు కదిలి, గుట్ట దిగి, వంతెన వైపు తిరిగింది. తండ్రికి ఒక్క మాటైనా చెప్పకుండా ట్వైలా వెళ్ళిపోయింది.