డాక్టర్ సాబ్ సవాల్

నిన్న మంచిర్యాలలో మా పాప బడికి ఒక శాస్త్రవేత్త వచ్చారు. "ప్రశ్నలుంటే అడగండి" అనగానే పిల్లలంతా తలలు దించుకున్నారు. నాకు మాత్రం ఇచ్చోడలో మా కొట్టం, పచ్చి జొన్నచొప్ప వాసన గుర్తొచ్చాయి.

నా చిన్నప్పుడు, మా బర్రె మేత ముట్టక అవ్వ కళ్లనీళ్లు పెట్టుకున్న రోజది. పశువుల డాక్టర్ సాబ్ మందు తాగించి, కాసేపయ్యాక స్టెతస్కోప్‌ను దాని ఎడమ డొక్కకు ఆనించి, గొట్టాలు నా చెవుల్లో పెట్టారు. లోపల ఎక్కడో దూరంగా ఉరిమినట్టు చప్పుడు!

"కడుపు కదిలింది, ఇగ ఫికర్ లేదు. ఏమన్న సవాల్ ఉందా బిడ్డా?"

ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న అని నాకేం తెలుసు? పందెమనుకుని, "ఉంది, నేనే గెలుస్త!" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వారు. "సరే, నువ్వడుగు. నాకు తెల్వకుంటే నువ్వు గెలిచినట్టే."

"నెమరేసేటప్పుడు బర్రెకు గడ్డి రుచి మళ్ల తెలుస్తదా?"

ఆయన వంగి బర్రె దవడల వంక చూశారు. "నేను ఓడిపోయిన, బిడ్డా. నాకు తెల్వది."

నా ఈడు వాళ్లూ, మీతో అలా ఇష్టంగా ఓడిపోయిన పెద్దమనిషి ఒకరుండే ఉంటారు, గుర్తున్నారా?

నెమరేస్తే రుచి మళ్లీ తెలుస్తుంది, డాక్టర్ సాబ్.