తగ్గించిన పదిహేను సెకన్లు

మొన్న ముమ్మిడివరంలో మేనకోడలి కొడుకు అన్నప్రాశనకి వెళ్తే, నా ముందు వరసలో ఒక పెద్దావిడ ప్లాస్టిక్ స్టూలుని రెండు చేతులతో నొక్కి చూసుకుని మరీ కూర్చున్నారు. అందరూ నవ్వేరు గానీ, నేను మాత్రం వంగి నా కిందున్న స్టూలు కాళ్లు చూసుకున్నాను.

మన వయసువాళ్లకి గుర్తుండే ఉంటుంది, చెక్క పీటల బదులు ఇళ్లల్లోకి ప్లాస్టిక్ స్టూళ్లు వస్తున్న రోజులవి. తొంభైల చివర్లో అమలాపురం శివారున వాటిని అచ్చు పోసే చిన్న ఫ్యాక్టరీలో నేను పనిచేసేవాణ్ణి. నన్నక్కడ పెట్టించింది మెషీను ఆపరేటరుగా ఉన్న, వరసకి బాబాయి అయ్యే పెద్దాయన. ప్లాస్టిక్ సరుకు ఎంత వేడి మీద కరగాలో, అచ్చులోకి ఎంత ఒత్తిడితో వెళ్లాలో, చల్లారడానికి ఎన్ని సెకన్లు ఆగాలో అన్నీ ఆయనే నేర్పేరు. స్టూలు బయటికి రాగానే కాళ్ల మొదళ్లు మునివేళ్లతో తడిమి, వెలుగుకి ఎత్తి చూసి, అప్పుడు గానీ పక్కన పెట్టేవారు కాదు. సరుకు మారినా, వానలకి అచ్చుని చల్లార్చే నీళ్లు చల్లబడినా సెట్టింగు మళ్లీ చూసుకోవాలనేవారు. ఆ నిదానం నాకు చాదస్తంలా తోచేది.

పెళ్లిళ్ల ఆర్డర్లతో యజమాని తొందరపెడుతున్నప్పుడు, సూపర్‌వైజరు పోస్టు మీద ఆశకొద్దీ, బాబాయిగారు భోజనానికి వెళ్లిన వేళ నేను వేడి పెంచి, నలభై సెకన్ల కూలింగుని ఇరవై అయిదుకి దించేను. స్టూళ్లు గబగబా పడ్డాయి. ఆయన తిరిగొచ్చి ఒకటి చేత్తో పట్టుకుని, "వేడిగా ఉండగానే లాగేస్తున్నావురా, కాళ్లు వంకర తిరుగుతాయి, ఆ మంటకి సరుకూ పెళుసెక్కుతుంది" అని అన్నీ సరిచేసేరు. నేను బుద్ధిగా తలూపేను. ఆ మర్నాటి నుంచి ఆయన డ్యూటీ దిగగానే మళ్లీ వేడి పెంచి, సెకన్లు దించి, ఆయనొచ్చే వేళకి ఎప్పటిలా పెట్టేసేవాణ్ణి.

నెల తిరక్కుండా ఒక స్టూలు వెనక్కొచ్చింది. అటక మీద సామాను తీద్దామని ఒక అంగన్‌వాడీ టీచరుగారు దానిమీదకెక్కితే, స్టూలు కాలు పుటుక్కున విరిగి, కిందపడి ఆవిడ మణికట్టు ఎముక విరిగిందట. యజమాని అందరినీ మెషీను దగ్గరికి పిలిచేసరికే నేను వేడి తగ్గించి, కూలింగు టైమరు నలభైకి తిప్పేసేను. ఆయన నన్నడిగితే, "సెట్టింగులు సరిగ్గానే ఉన్నాయండీ, కొత్త సరుకులో పాత ప్లాస్టిక్ ముక్కలు ఎక్కువ కలిపేరేమో" అన్నాను. కలిపేది బాబాయిగారే.

ఆయన టైమరుకేసి చూసేరు, నాకేసి చూసేరు. "ఆయ్, నేను చూసుకోవలసిందండీ" అని యజమానితో అని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయేరు. మర్నాటి నుంచి పనికి రాలేదు. పోస్టు నాకే వచ్చింది.

ఏళ్ల తరవాత కొత్తపేట దారిలో, కొబ్బరి పీచు ఆరబెడుతూ బాబాయిగారు కనిపించేరు. కూర్చోబెట్టి, బొండం కొట్టి ఇచ్చి, పిల్లల చదువులు అడిగేరు. పాత మాట ఎత్తుతారేమోనని, బొండం అయిపోయినా తలెత్తలేదు నేను. ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ టీచరుగారి గడపైతే ఇప్పటిదాకా తొక్కనేలేదు.

ఇప్పటి మెషీన్లకి తెరలుంటాయట, ఎవరు ఏ అంకె మార్చేరో గంటా నిమిషాలతో సహా రాసిపెట్టుకుంటాయట. మంచిదే. మన రోజుల్లో మనిషి నోటిమాటే రుజువు. అప్పుడూ అలాంటివే ఉంటే బాబాయిగారి ఉద్యోగం నిలిచేది. నేను మాత్రం దొరికిపోయేవాణ్ణి, అంతే. నిజం చెప్పినవాణ్ణి అయ్యుండేవాణ్ణి కాదు.