బోర్డు కింద కూర్చున్న మౌసీ

నా చిన్నప్పుడు ఢిల్లీలో ఆదివారమంటే నాకు మా పిన్నే. అమ్మకు చెల్లెలు. టైపు పరీక్షలు ప్యాసై, సర్కారు ఆఫీసులో ఉద్యోగం వస్తే ఏలూరు నుంచి వచ్చి, సరోజినీ నగర్‌లో నాన్నకిచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో మాతోనే ఉండేది. వారమంతా కాగితాలు టైపు చేసి, ఆదివారం అన్నం తినగానే ఒక పాత కెమెరా భుజానికి తగిలించుకుని నా చేయి పట్టుకుని బయలుదేరేది. పెళ్లికాని పిల్ల కెమెరా పట్టుకుని రోడ్ల వెంట తిరగడమేమిటని అమ్మ సణుగుతూనే ఉండేది. పక్కన చిన్నపిల్ల ఉంటే ఎవరూ ఏమీ అనరని పిన్ని నన్ను వెంటబెట్టుకునేదని చాలా ఏళ్ల తర్వాత గాని నాకు తెలియలేదు. అప్పట్లో మాత్రం నా కళ్లు చురుకైనవి కాబట్టే తీసుకెళ్తోందని నమ్మేదాన్ని.

పిన్ని కోటలూ గోపురాలూ తీసేది కాదు. ఒకదానికొకటి సంబంధం లేని రెండు వస్తువులు ఒక్క క్షణం పక్కపక్కన పడితే, ఆ క్షణం కోసం ఎంతసేపైనా నిలబడేది. చాందినీ చౌక్‌లో చెట్టు కింద మంగలి ఒకాయన గోడకు అద్దం తగిలించుకుని గడ్డాలు గీసేవాడు. పిన్ని అటు జరిగి, ఇటు జరిగి, చివరికి మోకాళ్ల మీద కూర్చుని తీసిన ఫోటోలో, నురగ పూసిన మనిషి భుజాల పైన అద్దంలో టాంగా గుర్రం మొహం కనిపించింది. ఇంకోసారి పెళ్లి బ్యాండువాడు జరీ కోటు తొడుక్కుని చౌరస్తాలో నిలబడి ఉంటే, వెనక ట్రాఫిక్ పోలీసు చేయెత్తాడు. ఫోటోలో ఆ పోలీసు బ్యాండువాడికి తాళం చెబుతున్నట్టు వచ్చాడు. అవి చూసి నాన్న కూడా పేపరు పక్కన పెట్టి నవ్వేవారు.

రంగుల ఫిల్ము ఎందుకు వేయవని ఒకసారి అడిగాను. దాని ఖరీదు మనవల్ల కాదని మొదట అంది. తర్వాత, "రంగుంటే కన్ను రంగు దగ్గరే ఆగిపోతుందే అమ్మడూ. నలుపూ తెలుపూ అయితే గుర్రమూ మనిషీ ఒకే బట్టలో నేసినట్టు కలిసిపోతారు" అంది. ఆ మాట నాకు సగమే అర్థమైంది. కానీ ఆవిడ వెంట తిరిగి తిరిగి నాకూ అలాగే చూడటం అలవాటైంది. బడికి వెళ్లే దారిలో కూడా దేని పక్కన ఏముందో చూస్తూ నడిచేదాన్ని.

ఒక చలికాలం మధ్యాహ్నం ఐఎన్ఏ మార్కెట్ దగ్గర బస్సు కోసం నిలబడ్డాం. బస్‌స్టాప్ వెనక పెద్ద బోర్డు ఉండేది. దాని మీద తల్లీ తండ్రీ, వాళ్ల మధ్య ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ, నలుగురూ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతుంటారు. కింద హిందీలో 'మేమిద్దరం, మాకిద్దరు' అని రాసి ఉంటుంది. సరిగ్గా దాని కింద, ఎండలో, ఒకావిడ కూర్చుని ఉంది. చుట్టూ ఆరుగురు పిల్లలు, పెద్దదానికి నా ఈడుంటుంది, చిన్నవాడు ఇంకా పాకే వయసువాడు. పిన్ని నా చేయి వదిలేసి నాలుగడుగులు వెనక్కి వేసింది. బోర్డూ వాళ్లూ ఒకే చట్రంలో ఇమిడేదాకా జరిగి క్లిక్కుమనిపించింది. నాకు నవ్వాగలేదు. బస్సెక్కాక కూడా పిన్నీ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

ఆ ఫోటోను పిన్ని ఒక హిందీ వారపత్రిక పోటీకి పంపింది. దానికి బహుమతి వచ్చింది. పేజీలో సగం ఫోటో, కింద పిన్ని పేరు. పత్రికవాళ్లు సొంతంగా 'ఇంతకీ ఈ మాట ఎవరికి చెప్పినట్టు?' అని ఒక వాక్యం కూడా తగిలించారు. ఆ సాయంత్రం మా ఇంటికి క్వార్టర్స్‌లోని తెలుగువాళ్లంతా వచ్చారు. అమ్మ అందరికీ కాఫీలిచ్చింది. పిన్ని సంగతి అమ్మ గర్వంగా చెప్పడం అదే మొదటిసారి. ఫోటో చేతులు మారుతూ ఉంటే ప్రతివాళ్లూ ఒకటి, రెండు, మూడు అని వేలితో పిల్లల్ని లెక్కబెట్టి నవ్వేవారు.

పిన్నికి ఒక అలవాటుంది. ఫోటో బాగా వస్తే ఆ మనిషిని వెతికి ఒక ప్రతి ఇచ్చి వచ్చేది. మంగలికీ అలాగే ఇచ్చింది, ఆయన దాన్ని అద్దం పక్కనే అంటించుకున్నాడు. ఈసారి పత్రికా, ఒక ప్రింటూ పట్టుకుని ఇద్దరం బస్‌స్టాప్‌కి వెళ్లాం. అక్కడ నారింజపళ్లమ్మే అతను, ఆవిడ దగ్గర్లోని కోట్లా బస్తీలో ఉంటుందనీ, మొగుడు ఏదో ఆఫీసులో తోటపని చేసే మాలీ అనీ చెప్పి, సందు గుర్తులు కూడా చెప్పాడు.

మేం వెళ్లేసరికి ఆవిడ గుమ్మంలో కూర్చుని గోధుమలు ఏరుతోంది. ఫోటో అనగానే మొహమంతా వికసించింది. "ఆయియే దీదీ, బైఠియే" అంటూ మంచం మీద దుప్పటి సరిచేసి కూర్చోబెట్టింది. స్టవ్ వెలిగించి టీకి నీళ్లు పెట్టింది. ఒకటే గది. పిల్లలంతా పత్రిక మీద పడ్డారు. నేను ఇక్కడ, నువ్వు అక్కడ, నా మొహం సగమే కనపడుతోంది అని ఒకటే అల్లరి. ఆవిడ చేయి తుడుచుకుని వచ్చి, తన మొహాన్ని వేలితో తాకి సిగ్గుపడింది. అంతకుముందు ఎప్పుడూ ఫోటో దిగలేదట.

పెద్దపిల్ల బడికి వెళ్తుంది. ఫోటోలో బోర్డు మీది అక్షరాలను కూడబలుక్కుంటూ పైకి చదివింది. తర్వాత కిందున్న వాక్యమూ చదివింది. చదివి, ఆవిడ వైపు తిరిగి, "మౌసీ, యే హమారే లియే లిఖా హై క్యా?" అని అడిగింది. ఇది మన గురించేనా అని.

నాకు ఆ ప్రశ్న కంటే ముందు 'మౌసీ' అన్న మాట తగిలింది. మౌసీ అంటే పిన్ని. నేను మా పిన్ని చేయి పట్టుకుని కూర్చుని ఉన్నాను. తలెత్తి చూస్తే పిన్నీ నన్నే చూస్తోంది.

ఆవిడ పత్రికను పిల్ల చేతిలోంచి తీసుకుని ఫోటోలోని బోర్డు వైపు చూసింది. ఆ తర్వాత కోపం లేకుండా, ఎవరికో లెక్క చెబుతున్నట్టుగా చెప్పింది. "ఇన్‌మే దో హీ మేరే హై, దీదీ." ఇందులో ఇద్దరే తన పిల్లలట. మిగతా నలుగురూ అక్క పిల్లలు. అక్క జబ్బు చేసి పోయింది, బావ మళ్లీ పెళ్లి చేసుకుని ఎటో వెళ్లిపోయాడు. పిల్లల్ని తలా ఒక ఇంటికి పంచుదామని పెద్దవాళ్లు అంటే, విడదీయొద్దని తనే అందరినీ తెచ్చుకుంది. మా ఇంట్లో అందరూ వేలితో లెక్కబెట్టిన ఆ ఆరుగురూ ఆవిడ దగ్గరికి వచ్చిన దారి అది. బోర్డు మీది మాట ప్రకారమే బతికిన మనిషిని పట్టుకొచ్చి మేం ఆ బోర్డు కిందే కూర్చోబెట్టి నవ్వాం.

అంతలో ఆవిడ భర్త వచ్చాడు. ఆవిడ చేతిలో పత్రిక చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ పేజీ ఆయన అప్పటికే చూశాడు. భార్యకు చెప్పలేదు, అంతే. ఆ ఏడాది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అంటే బస్తీల్లో మగవాళ్లు వణికిపోయేవారు. ఆఫీసుల్లో పై నుంచి కింది దాకా, ఇంతమందిని పంపాలని ఒకరి మీద ఒకరు ఒత్తిడి పెట్టేవారు. ఆయన పనిచేసే చోట పెద్ద గుమాస్తా, రోజూ రొట్టెలు తెచ్చే ఆవిణ్ని ఫోటోలో గుర్తుపట్టి, ఈ పేజీ కత్తిరించి గోడకు అంటించాడట. ఆపరేషన్ చేయించుకున్నట్టు చీటీ తెస్తేనే పనిలోకి రమ్మన్నాడట.

"నలుగురు మా వదిన పిల్లలని చెప్పాను, దీదీ. ఫోటోలో కనిపిస్తోంటే ఇంకా ఏం చెబుతావన్నారు" అన్నాడు హిందీలో. మా మొహాలు చూడకుండా, నేల చూస్తూ అన్నాడు.

పిన్ని, తను ఆ ఆఫీసుకు వచ్చి నిజం చెబుతానంది. కెమెరా తీసి, ఈసారి బోర్డూ గీర్డూ లేకుండా మీ అందరినీ ఇక్కడే తీస్తాననీ అంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "రహ్‌నే దీజియే, దీదీ." ఉండనివ్వండి అని. అలా అంటూనే టీ గ్లాసులు మా చేతికిచ్చింది. వద్దనలేక తాగాం.

మర్నాడు పిన్ని సెలవు పెట్టి ఆ ఆఫీసుకు వెళ్లింది. సాయంత్రం వచ్చి అమ్మతో చెబుతుంటే విన్నాను. ఆ పెద్ద గుమాస్తా లేచి నిలబడి నమస్కారం పెట్టాడట. ఫోటో అద్భుతమని పొగిడాడట. నలుగురు పిల్లలు ఆవిడ అక్క పిల్లలని పిన్ని చెప్పబోతే, "మీరు జాలిపడి అలా అంటున్నారు మేడమ్, వీళ్లంతా ఇలాగే కథలు చెబుతారు" అని నవ్వాడట. పిన్ని పత్రికకు కూడా ఉత్తరం రాసింది. వాళ్లు జవాబివ్వలేదు. మళ్లీ ఆదివారం కోట్లా వెళ్తే ఆ గదికి తాళం వేసి ఉంది. ఎదురింటామె, వాళ్లు పని వదిలేసి ఝాన్సీ వైపు సొంత ఊరికి వెళ్లిపోయారనీ, ఊరి పేరు తెలియదనీ చెప్పింది. పెద్దపిల్ల పరీక్షలైనా రాయకుండానే వెళ్లిందని కూడా అంది.

ఇంటికి వచ్చాక పిన్ని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ప్రింటు తీసింది. పైన బోర్డు ఉన్న సగాన్ని అరచేత్తో మూసింది.

"ఇప్పుడు చెప్పవే, ఏం కనిపిస్తోంది?"

ఆరుగురు పిల్లలు అన్నాను. వాళ్లను లెక్కపెట్టడం నాకప్పటికి అలవాటైపోయింది.

"పిల్లల్ని కాదు, ఆవిణ్ని చూడు. ఏం చేస్తోంది?"

అప్పుడు చూశాను. అన్నిసార్లు చూసిన ఫోటోలో అంతవరకూ చూడనిది. ఆవిడ ఒక నారింజపండు ఒలిచింది. తొక్క ఒళ్లో ఉంది. చిన్నపిల్లలందరి చేతుల్లోనూ తొనలున్నాయి, పాకేవాడి నోట్లో కూడా. ఆఖరిది పెద్దపిల్లకు అందిస్తోంది. ఆవిడ రెండో చేయి ఖాళీగా ఉంది.

"నేనే తీశాను, నాకే కనపడలేదు" అంది పిన్ని. "ఈవిడ పక్కన ఆ బోర్డును దేవుడు పెట్టలేదే అమ్మడూ. నాలుగడుగులు వెనక్కి వేసి నేను పెట్టాను." అరచెయ్యి తీసేసి, "నేను అబద్ధం తీయలేదు. అయినా అచ్చయింది అబద్ధమే" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని నాకు అనిపించింది.

పిన్ని కెమెరా వదిలేయలేదు. కానీ ఆ తర్వాత ముందు మనిషితో మాట్లాడేది, వాళ్లు సరేనంటేనే తీసేది. అడిగాక మనుషులు సర్దుకుని నిలబడతారు కదా, ఆ ఫోటోల్లో పాత చమత్కారం రాలేదు. ఏ పత్రికా వేసుకోలేదు. పోటీలకు పంపడం మానేసింది. ఝాన్సీ వైపు వెళ్లే తెలిసినవాళ్లెవరు కనిపించినా ఆరుగురు పిల్లలున్న మాలీ గురించి అడిగేది. జవాబు రాదని తెలిసీ అడిగేది. పెద్దతనంలో, మంచం పట్టిన రోజుల్లో కూడా ఒకసారి నన్నడిగింది, ఆవిడ ఇచ్చిన టీలో పంచదార ఎక్కువైంది, గుర్తుందా అని. నాకు గుర్తులేదు. గుర్తుందన్నాను.

ఇప్పుడు నేను ఢిల్లీ పక్కనే వైశాలిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కాలేజీలో చదివే మా మనవరాలు ఫోనుతో వీధుల్లో తీసిన ఫోటోలను నలుపు తెలుపుల్లోకి మార్చి నాకు చూపిస్తుంది. మొన్న ఒకటి చూపించింది. ఖరీదైన పరుపుల ప్రకటన కింద, ఫుట్‌పాత్ మీద, సామాను చేరవేసే కుర్రాడొకడు సంచి తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. చాలామంది మెచ్చుకున్నారట.

"అతన్ని అడిగావా?" అన్నాను.

"నానమ్మా, సో రహా థా," అంది. నిద్రపోతున్నాడుగా అని. తర్వాత నా మొహం చూసి, ఏమనుకుందో, ఫోను పక్కన పెట్టింది. ఆ సాయంత్రం దానికి ఈ సంగతంతా చెప్పాను. ఫోటో తీసేయమని చెప్పలేదు. అది దాని ఇష్టం.

నాకు మాత్రం ఆ రోజు నుంచి, ఒకరిని చూసి నలుగురు నవ్వుతుంటే నవ్వు రాదు. ఆ మనిషి ఇంటికి వెళ్లాక ఏమవుతుందో అనే ముందు తడుతుంది. మెట్రోలో నా ఈడు ఆడవాళ్లు ఆ ఝాన్సీ వైపు యాసలో మాట్లాడుతుంటే ఇప్పటికీ వాళ్ల మొహాల్లోకి చూస్తాను. బోర్డు మీది అక్షరాలు పైకి చదివిన ఆ పెద్దపిల్ల ఎక్కడో నాలాగే ముసలిదై ఉంటుంది. ఆ ఫోటో దానికి గుర్తుంటే, అందులోని బోర్డే గుర్తుండి ఉంటుంది. ఎప్పుడైనా ఎదురుపడితే ఒక్కటే చెప్పాలని ఉంది. ఆ నారింజపండులో మీ మౌసీ తనకంటూ ఒక్క తొన కూడా ఉంచుకోలేదమ్మా, ఆఖరిది నీకే ఇచ్చింది, అని.