ఖాళీగా వచ్చిన జాబితా

మొన్న కొత్త ల్యాప్‌టాప్‌లో ఏదో కమాండు కొడితే, అది ఇందులో లేదని, ఫలానా ప్యాకేజీ వేసుకుంటే వస్తుందని యంత్రమే మర్యాదగా చెప్పింది. నాకు సంతోషం కలగాలి గానీ కోపం వచ్చింది. ఆ ఒక్క ముక్కా ఆ రోజు మా ఊరి కంప్యూటరు చెప్పి ఉంటే, మా వదిన మీద అంత అనుమానం పడేది కాదు.

అనుమానం మా ఉద్దానానికి కొత్త కాదు. కిడ్నీ జబ్బు మాకే ఎందుకొస్తోందో ఎవరూ తేల్చి చెప్పలేదు కాబట్టి, మేము అన్నిటినీ అనుమానిస్తాం. బోరు నీళ్లని, జీడితోటల్లో కొట్టే మందుని, ఒళ్లు నొప్పులకి మింగే బిళ్లని. మా చిన్నాన్నయితే గ్లాసుడు నీళ్లు వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాక గానీ తాగేవాడు కాదు. అందులో ఏం కనిపించేదో ఆయనకే తెలియాలి. అయినా ఊరి రక్తపరీక్షల కోసం తన ఇంటి ముందుగది ఇచ్చినవాడూ ఆయనే. పదిహేను రోజులకోసారి పలాస నుంచి ల్యాబువాళ్లు వచ్చి రక్తం తీసుకెళ్లేవారు. రిపోర్టులు కంప్యూటరుకి వచ్చేవి. పోయినసారి కంటే ఎవరికి కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ పెరిగిందో జాబితా తీసి, ఆ గది తలుపుకి అంటించి, ఆ పేర్లున్న వాళ్లని అదే రోజు జీపులో డాక్టరు దగ్గరికి పంపాలి. జాబితా తీసేది మా వదిన. పదో తరగతి చదివిన మనిషి. టెక్కలి కాలేజీలో పనిచేసే లెక్చరరు ఒకాయన లినక్స్ మీద చిన్న ప్రోగ్రాం రాసిచ్చి, ఆమెకి నేర్పి, బదిలీ మీద వెళ్లిపోయారు. లెక్కల మేష్టరునైనా నా పని జీపుకి ఫోన్ చేయడం, అంతే.

పాత కంప్యూటరు వేడెక్కి ఆగిపోతోందని కొత్తది కొన్నాం. షాపతను లినక్స్ వేసిచ్చాడు. వదిన ఫైళ్లన్నీ అందులోకి మార్చి, ఆ ఉదయం ప్రోగ్రాం నడిపింది. జాబితా ఖాళీగా వచ్చింది. ఒక్క పేరూ లేదు. నేను లోపల్లోపల సంబరపడ్డాను. చిన్నాన్న పడలేదు.

“ఒక్కలికీ పెరగలేదా? ఉద్దానంలోనా?” అని, నన్ను వరండాలోకి రమ్మని సైగ చేశాడు. “ఆవిడ తమ్ముడు మొన్న రగతం ఇచ్చాడు గదా. ఆడి పేరు వచ్చుంటాది. తీసేసిందేటి?” అన్నాడు గొంతు తగ్గించి. వదిన తమ్ముడు పలాసలో జీడి ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కోటబొమ్మాళిలో సంబంధం మాట్లాడుతున్నారు. పైగా, జాబితా తలుపుకి అంటించవద్దని ఆమె ముందు నెలే మమ్మల్ని అడిగింది. అన్నీ కలిపి చూసుకుంటే అనుమానం చక్కగా అతికింది. వదినని ఇరవై ఏళ్లుగా ఎరిగినవాణ్ని. ‘ఛ, అదేం మాట’ అనాలి. “ఉండొచ్చు” అన్నాను.

లోపలికి వచ్చేసరికి ఆమె మా మొహాలు చూసి గ్రహించేసింది. “మావా, మీరు నా ఎదరే కూకోండి. నాను ఏటి కొడతన్నానో సూడండి” అంది. “మీ తమ్ముడిది ఒక్కటీ తెరువు, సాలు” అన్నాడు చిన్నాన్న. “ఆడిదొక్కటీ సూసి ఊరుకుంటే మిగతావోళ్ల మాటేటి? అందరివీ రానీండి” అంది. ఆ జవాబుకి ఆయన కనుబొమలు ఇంకాస్త ముడిపడ్డాయి. నావి కూడా పడే ఉంటాయి.

ఆమె ప్రోగ్రాంలో ఒక్కో లైనూ విడిగా నడిపింది. తప్పులొస్తే తెర మీద కనపడకుండా పారేయమని ఒకచోట రాసి ఉంది. ఆ ముక్క తీసేసింది. అప్పుడు బయటపడింది: pdftotext అనే కమాండు దొరకలేదట. రిపోర్టులోంచి అక్షరాలు బయటికి తీసేది అదే. అది లేక ప్రోగ్రాం ఒక్క రిపోర్టూ చదవలేదు.

“ఎవులు తీసేసారు?”

“తీసేయడం కాదు మావా. కొత్తదాంట్లో పెట్టనే లేదు.”

ఆ పేరుతోనే ప్యాకేజీ వేయబోతే అలాంటిది లేదంది కంప్యూటరు. అప్పుడామె మంచం కింద నుంచి పాత కంప్యూటరు లాగి, తీగలు తగిలించి, ఆ ఫైలు ఏ ప్యాకేజీతో వచ్చిందని dpkg -S కొట్టి అడిగింది. poppler-utils అని వచ్చింది. “మనం అడిగిందొకటి, అది సెప్పేది ఇంకోటి. ఎవుడీ పాప్లరు?” అన్నాడు చిన్నాన్న. “జీడిపప్పు డబ్బా మీద ఫ్యాక్టరీ పేరే కదా ఉంటాది మావా. లోపల గుండు పప్పుందో ఇరిగిన బద్దుందో ఇప్పి సూడాల” అంది వదిన. ఆయన ఊరుకోలేదు. పాతదాని మాట ఒక్కటే నమ్మనన్నాడు. సరేనని కొత్తదాంట్లో apt-file అనేది వేసి, ఆ కమాండు ఏ ప్యాకేజీలో ఉందో దాని చేత వెతికించింది. అదీ ఆ పేరే చెప్పింది. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పాక, ఆయన “వెయ్యి” అన్నాడు, కోర్టులో జడ్జీలాగా.

ప్యాకేజీ వేసి, ప్రోగ్రాం మళ్లీ నడిపింది. ఏడు పేర్లు వచ్చాయి. వదిన పైకి చదివింది. నాలుగోది ఆమె తమ్ముడి పేరు. మూడో పేరు ఎలా చదివిందో దాన్నీ అలాగే చదివి, అయిదోదానికి వెళ్లింది. ఏడూ అయ్యాక, “బాబూ, జీపుకి ఫోన్ సెయ్యండి” అంది. కళ్లు తెర మీంచి తిప్పలేదు. నేను జీపు నంబరు కొట్టాను.

జీపులో వదిన తమ్ముడి పక్కన చిన్నాన్నే కూర్చుని వెళ్లాడు. తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా, “కోడలా, నిన్ను అనుమానించాను, తప్పే” అన్నాడు. “ఇంక తలుపుకి కాయితం వద్దు. ఇంటింటికీ ఎల్లి సెప్దాం.” ఆమె తల ఊపి, ఆయనకి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ ఒక్కసారి మాత్రం ఆయన గ్లాసు ఎత్తి చూడకుండా తాగాడు. తమ్ముడికి జబ్బు మొదట్లోనే దొరికింది. కోటబొమ్మాళి వాళ్లకి తనే వెళ్లి చెప్పుకున్నాడు, వాళ్లు కాదనలేదు. మందులు వాడుతూ ఇప్పటికీ పనికి పోతున్నాడు.

వరండాలో నేనన్న మాట మాత్రం వదినకి ఇంతవరకూ చెప్పలేదు. వచ్చే వారం చెబుదామనుకున్నాను, ఆ తర్వాత ఎప్పుడైనా తీరిగ్గా అనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ తప్పు చిన్నదవుతుందని నా నమ్మకం. తప్పు అంతే ఉంది, చెప్పడానికి మిగిలిన రోజులే తగ్గిపోతున్నాయి.